మౌలాలి గుట్ట మీద ఎస్సార్

దసరా పోయిన మూడోనాడు.
జమ్మి ఆకు ఇంకా పర్సులనే ఉంది.
పొద్దుగాల ఆరున్నరకు మెట్లెక్కుతున్న.
ఈ మోకాళ్లు రెండూ కుషాయిగూడ డిపోవి,
ఇరవై తొమ్మిదేండ్లు బస్సుల నిలబడ్డవి,
మలుపు మలుపుకూ హోల్డాన్ అంటయి.

పైన బండ రాత్రి చల్లదనం ఇంకా విడువలే.
ఫెలిక్స్ సారు నాకంటే ముందే వచ్చి కూసున్నడు,
ఉన్ని టోపీ, ఫ్లాస్కు, మెడల బైనాక్యులర్.
ముప్ఫయ్యేండ్లు ఇంజన్లు తోలిన కండ్లు
ఇప్పుడు శుక్లాల వెనుక సిగ్నల్ దేవులాడుతున్నయి.
ఆపరేషన్ ఎప్పుడు సారూ అంటే
గద్దలు మర్లి పోయినంక, అంటడు.

అందుకే ఇద్దరం కలిస్తె ఒక్క మనిషి లెక్క:
నేను చూస్త, ఆయన పేరు చెప్తడు.

"రెక్కలెట్లున్నయి?"
పైకెత్తి పట్టుకుంది సారు, కొట్టుకుంటలేదు.
అటొక ఒరుగు ఇటొక ఒరుగు, తాగినోని సైకిల్ లెక్క.
"తోక మొదట్ల తెలుపు?"
ఉంది. సున్నం బొట్టంత.
"పిల్లిగద్ద. ఆడది. రాయి, ఒకటి."

రాసేది పాత ఎస్సార్ కాయితం మీదనే.
మిషిన్లు వచ్చినంక డిపోల చెత్తకు పోతున్న కట్ట,
అడిగి తెచ్చుకున్న.
స్టేజీ అన్న తాన గంట,
టికెట్ నంబరన్న తాన పిట్ట,
వసూలన్న గడి ఖాళీ.

ఎక్కడ ఎక్కినయో నాకు తెల్వదు.
కజకిస్తాన్ అంటడు సారు, ఇంకేదో అంటడు,
ఆ స్టేజీలు నా నోట్లె తిరుగయి.
చిల్లర లేదనవు, కిటికీ సీటుకు కొట్లాడవు.
పది దాటి బండ కాగంగనే
వేడి గాలి ఎక్కి, గుండ్రంగ తిరుక్కుంట
రెక్క కదపకుంట పైకి పోతయి.
ఎండ గూడ ఒక బండే అని
రిటైరైనంక తెలిసింది నాకు.

దర్గాకు పూలు తెచ్చే పిల్లగాడు, జునేద్,
బుట్ట దించి నిలబడ్డడు:
"అమ్మా, అగో, అన్ని గద్దలున్నయి, రాయవేంది?"
అవి మటన్ దుకాణాల మీద తిరిగేటివి బిడ్డా,
రోజూ కనబడతయి, పాసోళ్లు.
పాసోళ్లను లెక్కపెట్టం.

సర్వీసుల ఒక్కసారే లెక్క తప్పిన.
ఈసీఐఎల్ దాటినంక చెకింగోళ్లు ఎక్కిన్రు.
ఆఖరి సీట్ల, ఉల్లిగడ్డ మూటల నడుమ
ఒక పిల్ల ముడుచుకొని పండుకుంది.
అర టికెట్ ఈడు.
ఎవరి పిల్ల అంటే బస్సుల ఎవ్వరూ లేవలే.
ఛార్జిషీట్ల టికెట్ ఉంది,
పిల్ల లేదు.
ఒక ఇంక్రిమెంట్ పోయింది, అది పెద్ద ముచ్చట కాదు.
ఠాణాల అప్పజెప్పి ట్రిప్పుకు లేటయితదని ఉరికిన.
పేరడగలే.

అప్పటిసంది వెనుక సీటు నుంచే లెక్కపెడత,
బస్సయినా, పెండ్లి పంక్తయినా, మొగులైనా.

పన్నెండు నుంచి రెండు దాంక ఏదీ రాలే.
కింద చర్లపల్లి దిక్కు గూడ్సు ఒకటి,
నల్లటి నీళ్ల ట్యాంకుల నడుమ
పాములెక్క సాగి సాగి పోయింది.
డబ్బాలు యాభై ఎనిమిది. ఉత్తగనే లెక్కపెట్టిన.
"సున్నా రాసినవా?" అన్నడు సారు.
ఏమీ రాలేదు గదా, ఏం రాయాలె?
"రాయాలె. రాయకుంటే మనం రానట్టయితది."
రెండు గంటలకు రెండు సున్నాలు రాసిన.

మూడున్నరకు కాయితం మలుస్తున్న.
బండ మీదికెల్లి నీడ ఒకటి జారింది,
నా చెప్పులు దాటి, ఆయన చేతికర్ర దాటి.
తలెత్తితే మొగులు ఉత్తదే.
నేను నోరు తెరువక ముందే
"ఏం పోయింది?" అన్నడు, చెంప తడుముకుంట.
చూడలే సారు.
"నేనూ చూడలే."

ఇద్దరం కొంచెంసేపు గట్లనే కూసున్నం.
ఫ్లాస్కుల చాయ్ అడుగంటింది, చెరి సగం తాగినం.
కాయితం మళ్ల విప్పి
వసూలన్న గడిల
పెన్సిల్‌తోని ఒక చుక్క పెట్టిన.

చెకింగ్ వస్తే ఏమని చెప్పాలె?
ఎక్కిందని చెప్త. ముఖం చూడలేదని చెప్త.